గూట్లోంచి పడ్డ కొంగపిల్లను ఎవరి చేతిలో పెట్టాలి?

అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖల ఉన్నతాధికారులకు, మండలాల్లో పనిచేస్తున్న పశువైద్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో కొంగలు గూళ్ళు కట్టుకునే పల్లెల్లో మాదీ ఒకటి. నేను రిటైరైన సైన్సు మేస్టార్ని, ఊరి తరఫున రాస్తున్నాను. ఇదే విషయం మీద సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకున్నాం. కొన్నాళ్ళకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు, ఊళ్ళోనూ ఎవరికీ కనిపించలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటే. గూట్లోంచి పడి దెబ్బ తగిలిన పక్షిపిల్లను మేం ఎవరికి అప్పజెప్పాలి?

మా వైపు సంగతి తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి, టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి పక్షుల ఊళ్ళని పేరుంది. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి, తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఆ పేరు లేని చిన్న ఊళ్ళలో కూడా చింతల మీద, రావిచెట్ల మీద గూళ్ళు పెడతాయి. మా ఊరికి నత్తగుల్ల కొంగలు తొలకరికి కాస్త అటూ ఇటూగా దిగుతాయి, చలి ముదిరేలోగా పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోతాయి. పేపర్లలో వీటిని సైబీరియా పక్షులని రాసేస్తుంటారు. సైబీరియాకూ వీటికీ సంబంధం లేదు. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్, బర్మా, థాయ్‌లాండ్‌లలో ఉండే పక్షి ఇది. వానలు ఎక్కడ పడ్డాయో, వరిచేలల్లో నత్తలు ఎక్కడున్నాయో చూసుకుని తిరుగుతుంది. ఇంత వివరం ఎందుకంటే, ఎక్కడినుంచో వచ్చిన పక్షి అనేసరికి దాని బాగోగులు మండలం స్థాయిలో ఎవరివీ కాకుండా పోతున్నాయి. మా ఊరి ఆడవాళ్ళు మాత్రం వీటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలంటారు. కొంగలు దిగితే ఆ ఏడు వానలకు లోటుండదని పెద్దల నమ్మకం. చెట్టు కింద రెట్టల కంపు, వాకిట్లో కుళ్ళిన నత్తలు, రాత్రంతా ముక్కుల టకటక, అన్నీ భరిస్తారు. మా ఊళ్ళో గూళ్ళున్న చెట్టు మీద రాయి వేసినవాణ్ణి పెద్దవాళ్ళు ఊరికే వదలరు.

కొంగ గూడు చూస్తే అది గూడేనా అనిపిస్తుంది. పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, మధ్యలో కాసిని ఆకులు పరుస్తుంది, అంతే. అందులో రెండు నుంచి నాలుగు పిల్లలు. అవి ఎదిగేకొద్దీ గూడు ఇరుకవుతుంది. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు, అక్టోబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన రోజున ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలవలేదు, పుల్లల గూళ్ళు ఏం నిలుస్తాయి? తుపాను దాకా అక్కర్లేదు, ఓ మోస్తరు ఈదురుగాలికే తెల్లారేసరికి చెట్టు కింద పిల్లలు పడి ఉంటాయి.

పోయిన సీజన్లో అలాంటి గాలి తర్వాత మా వీధి కుర్రాడొకడు పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. ‘‘మేస్టారూ, గూట్లోంచి పడిపోనాది. కాలు ఇరిగిపోనట్టుంది’’ అన్నాడు. ఒళ్ళంతా తెల్లటి నూగు, రెక్కల అంచుల్లో అప్పుడప్పుడే నల్ల ఈకలు పొడుచుకొస్తున్నాయి. ముక్కు తిన్నగా ఉంది. పెద్ద కొంగ ముక్కు మధ్య కనపడే సందు పిల్లలకు ఉండదు, ఎదుగుతుంటే ఏర్పడుతుంది. ఎడమకాలికి నైలాన్ దారం నాలుగు చుట్లు చుట్టుకుని మాంసంలోకి దిగబడిపోయింది, దాని కింద కాలు వేలాడుతోంది. గూటికి పుల్లలతో పాటు ఇలాంటి దారాలు కూడా మోసుకెళ్తాయి ఇవి. పాత వలల ముక్కలు, బస్తాలు కుట్టే దారాలు మా పొలాల గట్ల మీద ఎక్కడ చూసినా ఉంటాయి.

కుర్రాడి తండ్రి ఆ పూట కూలి మానుకుని ఆటో కట్టించుకుని ఒక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు మంచిగానే మాట్లాడారట. అయితే ఇది అడవి పక్షి, ఫారెస్టు వాళ్ళ లెటర్ లేకుండా చెయ్యి వేస్తే తనకు టెన్షన్ అన్నారట. అక్కణ్ణుంచి ఒక అటవీ కార్యాలయానికి వెళ్తే, తమ దగ్గర డాక్టరూ లేడు, బండీ లేదు, ముందు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని రండి అన్నారు. ‘‘లేదంటే ఎక్కడ దొరికిందో అక్కడే వదిలెయ్యండి, ఇంట్లో పెట్టుకుంటే కేసవుద్ది’’ అని కూడా చెప్పి పంపారు. కాలు విరిగిన పిల్లను చెట్టు కింద వదలడమంటే కుక్కలకు వెయ్యడమే. ఆ మాట అన్నవారికీ ఈ సంగతి తెలియక కాదు. ఆ పిల్ల బతకలేదు. ఆ ఉద్యోగులనో ఆ డాక్టరునో శిక్షించమని నేను అడగడం లేదు. ఎవరి పని ఎంతవరకో రాసిపెట్టిన కాగితం వాళ్ళ బల్ల మీద లేదు, మా ఫిర్యాదు దాని మీదే.

చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది, 2022లో భారీగా సవరించారు. చట్టం రక్షణలో ఉన్న పక్షిని పట్టడం, బంధించడం నేరం. మంచిదే, ఉండాలి. ప్రభుత్వ సొత్తుగా లెక్కకు వచ్చే వన్యప్రాణి ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, అధికారం ఉన్న అధికారికి గానీ తెలపాలని 39వ సెక్షన్ అంటుంది. మావాళ్ళు తెలపడానికే కదా వెళ్ళింది! తెలిపాక అవతలివాళ్ళు ఏం చెయ్యాలన్నది మాత్రం మండలం దాకా దిగిరాలేదు. పైగా ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో ఏం జరిగిందో టీవీల్లో అందరూ చూశారు. పొలంలో కాలు విరిగి దొరికిన సారస కొంగను ఒక రైతు సాకాడు. అది మానుకుని, ఎగరగలిగి కూడా ఆయన్ని వదల్లేదు, బండి వెనకే ఎగురుతూ వచ్చేది. 2023 మార్చిలో అటవీ శాఖ దాన్ని తీసుకుపోయి, చివరికి కాన్పూరు జూలో పెట్టింది. ఆ రైతుకు నోటీసు ఇచ్చింది. సారసను ఇంటి దగ్గర ఉంచుకోవడం తప్పా ఒప్పా అన్న వాదనలోకి నేను వెళ్ళను. మా ఊళ్ళో జనం నేర్చుకున్న పాఠం మాత్రం ఇది: దెబ్బ తగిలిన పక్షిని ముట్టుకుంటే మన మెడకే చుట్టుకుంటుంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. భయం. ఆ కుర్రాడి నాయనమ్మ ఇప్పుడు వాణ్ణి చెట్టు కిందికే వెళ్ళనివ్వడం లేదు. తర్వాత పడిన కొంగపిల్లల్ని ఎవరూ తీయలేదు. ఊరి పక్షులని చెప్పుకునే ఊళ్ళో చెట్టు కింద కుక్కలు కాపు కాస్తుంటే తలుపులు వేసుకుని కూర్చున్నాం.

2. కూలి డబ్బులు. పక్షిని పట్టుకుని వెళ్ళేవాడు ఏ రోజు కూలి ఆ రోజు తినేవాడు. ఆటో ఖర్చు, పోయిన పని, రెండు ఆఫీసుల చుట్టూ తిరుగుడు, అన్నీ అతని నెత్తినే. ‘విశాఖ జూకి తీసుకెళ్ళండి’ అనడం తేలిక. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

3. తెలియని వైద్యం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పక్షిపిల్లలు పడి చచ్చేవాటి కన్నా పడ్డాక మన చేతుల్లో చచ్చేవి తక్కువేం కాదని నా అనుమానం. పిల్ల నోరు తెరవగానే ఎవరో ఒకరు గ్లాసుతో నీళ్ళు పోస్తారు. పక్షికి గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకొకరు ఆవుపాలు పోస్తారు, పక్షికి పాలు అరగవు. కొంగపిల్లకు అన్నం ముద్దలు పెడతారు, రొట్టె పెడతారు. నత్తగుల్ల కొంగ తల్లి నత్త మాంసం తెచ్చి గూట్లో కక్కుతుంది, పిల్లలు కింద నుంచి ఏరుకు తింటాయి. కాబట్టి వెచ్చబడి కాస్త తేరుకున్న పిల్లకు లోతులేని పళ్ళెంలో గుల్ల తీసిన నత్త మాంసమో చిన్న చేప ముక్కలో వేస్తే చాలు, దవడలు పట్టి కుక్కనక్కర్లేదు. మనుషుల నొప్పి మాత్ర పొడి చేసి వేసేవాళ్ళూ ఉన్నారు. దేశంలో రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టిన నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో వాడకూడదని 2006లోనే నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లనూ ఆపేశారు. పక్షికి ఏ మందు పడుతుందో, ఎంత పడుతుందో చెప్పగలిగినవారు డాక్టర్లు మీరే. మీరు తలుపు వేసుకుంటే ఆ పని కిరాణా కొట్టువాడు చేస్తాడు. పిల్లి కరిచిన పిల్ల సంగతైతే మరీ ఘోరం. పైకి చిన్న గాటే కనపడుతుంది, కానీ పిల్లి నోటి సూక్ష్మజీవులు రక్తంలో చేరితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. గంటల్లో యాంటీబయాటిక్ పడాలి. లెటర్ తెచ్చేదాకా ఆగే రోగం కాదది.

4. దెబ్బ తగలని పిల్లల్ని కూడా ఎత్తుకురావడం. చెప్పేవాళ్ళు లేక ఇది జరుగుతోంది. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న గోరింక పిల్లో పిగిలిపిట్ట పిల్లో కనిపిస్తే అది ఎగరడం నేర్చుకుంటున్నదని అర్థం. తల్లి పక్కనే ఉంటుంది, పిల్లీ కుక్కా రాకుండా చూసి వదిలెయ్యాలి. ఈకలు రాని పిల్ల అయితే గూడు అందితే తిరిగి పెట్టెయ్యొచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్న మాట నిజం కాదు. కొంగల చెట్టుకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. మనిషి ఎక్కితే చుట్టుపక్కల గూళ్ళలోని పిల్లలు బెదిరి మరికొన్ని కింద పడతాయి.

5. రోగాలు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చాక పక్షి అంటేనే జనం హడలిపోయారు. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. ఉత్త చేతులతో చచ్చిన పక్షుల్ని పిల్లలు ఎత్తి పారేస్తుంటే నాకూ గుండె దడే. 2021 చివర్లో తేలినీలాపురంలో పెలికాన్లు వరసగా చనిపోయినప్పుడు కడుపులో నులిపురుగులు కారణమని తర్వాత తెలిసింది. ఊళ్ళో ఎవరో ఒకరు పడ్డ పక్షిని చూసి, రాసి, కబురు చేసే ఏర్పాటు ఉంటే రోగమైనా ముందే తెలుస్తుంది. ఇప్పుడు కబురు చేస్తే కేసంటున్నారు, ఎవరు చేస్తారు?

6. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టడం. పిల్లలున్న గూళ్ళతో సహా కొమ్మలు నరుకుతున్నారు. పక్షుల గుడ్లను పాడు చెయ్యడం, గూళ్ళను కదపడం కూడా ‘వేట’ కిందికే వస్తుందని అదే చట్టంలో ఉంది. కుర్రాడు పిల్లను ఎత్తుకొస్తే గుర్తొచ్చిన చట్టం గొడ్డలి పట్టినవాళ్ళను చూస్తే గుర్తు రావడం లేదు.

ఇవేవీ తీర్చలేని సమస్యలు కావు. గుజరాత్‌లో 2017 నుంచి ఏటా సంక్రాంతి రోజుల్లో కరుణా అభియాన్ పేరుతో అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి గాలిపటాల దారాలకు తెగిన పక్షులకు వైద్య కేంద్రాలు నడుపుతున్నాయి. రెండు శాఖలు ఒకే టెంటు కింద కూర్చోవచ్చని అక్కడ రుజువైంది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు అచ్చం మా ఊరి లాంటిదే. అక్కడ ఊరి యువకులు, మైసూరు పక్షి ప్రేమికులు కలిసి 1990ల నుంచీ చెట్ల మీది నుంచి పడ్డ పెలికాన్ పిల్లల్ని వలకంచె లోపల ఉంచి, చేపలు పెట్టి, రెక్కలొచ్చాక వదులుతున్నారు. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివాళ్ళ భాగస్వామ్యంతో కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి వాళ్ళను ఎవరూ దొంగల్లా చూడలేదు. మన దగ్గర కూడా పేరున్న ఒకటి రెండు ఊళ్ళలో కాపలా మనుషులు, బోర్డులు ఉన్న మాట వాస్తవం. కానీ పక్షి బోర్డు చూసి గూడు పెట్టదు.

మా డిమాండ్లు ఇవి.

1. దెబ్బ తగిలిన అడవి పక్షికి ప్రథమ చికిత్స చెయ్యడానికి ఏ పశువైద్యుడికీ ముందస్తు లెటర్ అక్కర్లేదని, ముందు వైద్యం, ఆ తర్వాత అటవీ శాఖకు కబురు అని రెండు శాఖలూ కలిసి ఒకే సర్క్యులర్ ఇవ్వాలి. వేర్వేరుగా ఇస్తే మళ్ళీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అది తెలుగులో ఉండాలి, ప్రతి ఆసుపత్రి గోడ మీదా అంటించాలి.

2. పక్షిని తెచ్చి ఇచ్చినవారికి తేదీ, వేళ, పక్షి రకం, సంతకంతో రసీదు ఇవ్వాలి. 48 గంటల్లోపు తెలిపినట్లు ఆ రసీదే సాక్ష్యం. రసీదు ఉన్నవారి మీద కేసు ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి. అన్నిటికన్నా ముందు కావలసింది ఇదే. మిగతావి ఆలస్యమైనా సర్దుకుంటాం.

3. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల పనిలో అడవి పక్షుల్ని కూడా చేర్చాలి. ఆవు కోసం ఎలాగూ ఊళ్ళోకి వస్తున్న బండే.

4. గూళ్ళున్న ప్రతి ఊరి రైతు సేవా కేంద్రంలో గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టె, పాత తువ్వాళ్ళు, చేతి తొడుగులు, మాస్కులు ఉంచాలి. దెబ్బ తగిలిన పిల్లకు మొదటి గంటలో కావలసింది చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం. పశుసంవర్ధక సహాయకుడికి దీని మీద ఒక్క పూట శిక్షణ చాలు. జబ్బుతో నీరసించినట్లున్న పక్షుల్ని, గుంపుగా చచ్చిన పక్షుల్ని మాత్రం ఊరివాళ్ళు ముట్టుకోకుండా ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు అక్కడే రాసి ఉండాలి.

5. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మా ఉత్తరాంధ్ర జిల్లాలకు పక్షుల ఎముకలు కట్టడం, మందుల మోతాదులు, ఆహారం విషయంలో మండల డాక్టర్లు ఫోన్ చేసి అడిగే పెద్ద దిక్కుగా దాన్ని ప్రకటించాలి. ఆవులు, గేదెలు, మేకలతోనే మీకు ఊపిరాడదని మాకు తెలుసు. అన్నీ మీకే తెలియాలని అడగడం లేదు, అడిగితే చెప్పేవారు ఉండాలంటున్నాం.

6. జూలై నుంచి నవంబరు దాకా గూళ్ళున్న చెట్ల కొమ్మలు కొట్టకూడదు. కొట్టాల్సినవి మే నెలాఖరులోపు కొట్టుకోండి. తప్పనిసరైతే అటవీ సిబ్బంది ఎదుటే జరగాలి.

7. కొక్కరె బెళ్ళూరు పద్ధతిలో గూళ్ళున్న ఊళ్ళలో పంచాయతీ ఆధ్వర్యంలో వలకంచె వెయ్యడానికి అనుమతి ఇవ్వాలి. స్థలం మేమిస్తాం, నత్తలు పిల్లలు ఏరుకొస్తారు, కాపలాకు యువకులు సిద్ధంగా ఉన్నారు. అటవీ శాఖ నుంచి వారానికోసారి ఒకరు వచ్చి రిజిస్టరు చూసి సంతకం పెట్టి వెళ్తే చాలు. కొంగపిల్లలు మనుషులకు మరీ మాలిమి అయిపోతే అడవిలో బతకలేవు కాబట్టి, ఎన్నాళ్ళు ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నది మీరే చెప్పండి. అమేఠీలో వచ్చిన చిక్కు మాకు వద్దు.

వచ్చే తొలకరికి కొంగలు మళ్ళీ దిగుతాయి. ఈలోపు కనీసం మొదటి రెండు కోరికల మీద లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. ‘పరిష్కరించబడినది’ అన్న మెసేజ్ మాకు జవాబు కాదు. జవాబు రాకపోతే గ్రామసభలో తీర్మానం చేసి, గూళ్ళున్న చుట్టుపక్కల ఊళ్ళ సంతకాలతో కలెక్టరు గారి దగ్గరికి వస్తాం. అప్పటిదాకా దొరికిన ప్రతి పిల్ల వివరాలు, ఎక్కడికి తీసుకెళ్ళామో, ఏం చెప్పి తిప్పి పంపారో ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతున్నాం. ఆ పుస్తకం జిరాక్సు కాపీ కూడా అర్జీకి జత చేస్తాం.

ఇట్లు,
ఊరి ప్రజల తరఫున,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా